నీళ్లెక్కువై కాదు, మంచినీళ్లు తక్కువై: గోదావరి డెల్టాలో డెంగీ తీరు

క్లుప్తంగా: డెంగీ దోమ ప్రధానంగా మురుగు డ్రైన్లలోనో వరిచేలలోనో పుట్టేది కాదు, ఇంట్లో పట్టి ఉంచుకున్న మంచినీళ్లలో పుట్టేది. గోదావరి డెల్టాలో కాలువలు కట్టేసే వేసవిలో నీళ్ల నిల్వ పెరుగుతుంది, దాని వెనకే వానలు వస్తాయి. ఈ వరసే దోమకు కలిసొస్తోంది. వైరస్‌లో నాలుగు రకాలు ఉండటంతో జ్వరం ఒక ఏడు ముంచెత్తి, మరో ఏడు తగ్గినట్టు కనిపిస్తుంది. ఫాగింగ్‌తో ఇది ఎందుకు ఆగదు, కేసుల లెక్కలు ఎందుకు కలవవు, ప్లేట్‌లెట్ల గురించి ఇంత టెన్షన్ అవసరమా అన్నవి కింద చూడవచ్చు.

ఆగస్టు వచ్చేసరికి అమలాపురం, భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు వార్తల్లో ‘విషజ్వరాలు’ అన్న మాట మొదలవుతుంది. ఆ వెంటనే రెండు డిమాండ్లు వినిపిస్తాయి: డ్రైన్లలో పూడిక తీయించాలి, ఫాగింగ్ చేయించాలి. రెండూ చేయాల్సిన పనులే. కానీ డెంగీ వరకు చూస్తే మొదటిదానికి పెద్దగా సంబంధం లేదు, రెండోది చాలాసార్లు ఆలస్యంగా జరిగే పని.

దోమ అనగానే డ్రైనే గుర్తొస్తుంది, ఎందుకని?

దీని వెనక పాత కథ ఉంది. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు, వాటి వెంట మురుగు డ్రైన్లు డెల్టా అంతటా అల్లుకుపోయాయి. సుమారు 10 లక్షల ఎకరాలకు నీరందింది. నేల పల్లం, డ్రైన్లలో నీళ్లు మెల్లగా కదులుతాయి. ఊళ్లు పెరిగి ఇళ్ల మురుగు కూడా వాటిలో కలవడంతో క్యూలెక్స్ దోమకు అంతకంటే మంచి చోటు లేకపోయింది. ఆ దోమ మోసుకొచ్చిందే బోదకాలు. డెల్టాలో ఒక తరం ముందు వాళ్లకు ఈ జబ్బు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు, ప్రతి వీధిలో ఒకరో ఇద్దరో ఉండేవారు. 1955లో జాతీయ ఫైలేరియా (బోదకాలు) నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రాజమండ్రిలో ఫైలేరియా శిక్షణ కేంద్రం కూడా నడిచింది.

అలా ‘దోమ’ అంటే మురుగులో పుట్టి రాత్రి కుట్టేదన్న అవగాహన స్థిరపడింది. మున్సిపాలిటీల పద్ధతులూ దాని ప్రకారమే ఏర్పడ్డాయి: డ్రైన్లో మందు నూనె చల్లడం, సాయంత్రం పొగ, రాత్రి దోమతెర. బోదకాలుకు ఇవన్నీ సరైనవే.

డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై తీరు వేరు. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలుంటాయి. పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నే ఎండెక్కే వేళ, మళ్లీ పొద్దు వాలే ముందు. రాత్రి దోమతెర కట్టుకుని పడుకునే ఇంట్లో కూడా మధ్యాహ్నం మంచం మీద ఆడుకునే పిల్లాణ్ణి ఇది కుడుతుంది. మురుగులో, ముఖ్యంగా మూతలేని సెప్టిక్ ట్యాంకుల్లో, ఈ దోమ లార్వా (గుడ్డు పొదిగాక నీళ్లలో ఈదే పిల్ల పురుగు) దొరికిన సందర్భాలు లేకపోలేదు. అయినా దానికి ఇష్టమైనది తేటనీరే. వరిచేలో, పంటకాలువలో అది కనిపించదు. చేలల్లో పుట్టేవి మలేరియా, మెదడువాపు మోసే వేరే జాతులు.

ఇది డెల్టాకు కొత్తగా వచ్చిన దోమ కూడా కాదు. చికున్‌గున్యాను మోసేదీ ఇదే. 1965లోనే రాజమండ్రి, కాకినాడల్లో చికున్‌గున్యా చెలరేగినట్టు రికార్డులున్నాయి. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ జబ్బు దేశంలో దాదాపు కనుమరుగై 2005–06లో మళ్లీ వచ్చింది. అప్పుడు కీళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడిచిన వాళ్లు డెల్టాలో ఇంటికొకరు కనిపిస్తారు. అంటే వాహకం ఎప్పటి నుంచో ఇక్కడే ఉంది, మారుతున్నది అది మోసే వైరస్సే.

గాబు అంచున

పెరట్లో నూతి దగ్గర సిమెంటు గాబు ఉంటుంది. సగం నీళ్లున్నాయి. నీటి మట్టానికి కాస్త పైన, లోపలి గోడకు, ఆవగింజ కంటే సన్నటి నల్లటి చుక్కలు అంటుకుని ఉంటాయి. అవి పాచి కాదు, గుడ్లు. ఆడ దోమ ఒక్కో విడతకు వంద వరకు పెడుతుంది, అదీ అన్నీ ఒకే చోట కాదు. గాబులో కొన్ని, పక్కనున్న పూలకుండీ పళ్లెంలో కొన్ని, మూలన పడేసిన టైరులో కొన్ని. ఒక పాత్ర కడిగేసినా మిగతావి దక్కుతాయి.

నీళ్లు అడుగంటినా ఈ గుడ్లు చావవు. నెలల తరబడి ఎండిపోయి అలాగే ఉంటాయి. మళ్లీ నీటిమట్టం పెరిగి తడవగానే పొదుగుతాయి. లార్వా గిలగిలా ఈదుతూ పైకీ కిందికీ తిరుగుతుంది, గాబు మీద నీడ పడితే చటుక్కున అడుక్కి పోతుంది. మన వేడికి గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేందుకు 7 నుంచి 10 రోజులు చాలు. రాష్ట్రంలో ‘ఫ్రైడే డ్రై డే’ అని వారానికొకసారి నీళ్లు పారబోయమనడానికి కారణం ఈ గడువే. పారబోస్తే లార్వా పోతుంది, గోడకున్న గుడ్డు మాత్రం పోదు. పీచుతో లోపలి గోడ గట్టిగా రుద్దితేనే అది ఊడుతుంది. ఈ రెండో సగం ప్రచారంలో అంతగా వినపడదు.

డెల్టాలో ఇలాంటి పాత్రలకు కొదవ లేదు. ప్లాస్టిక్ డ్రమ్ములు, గాబులు, పాత రోళ్లు, వాడని సిమెంటు తొట్లు, కూలర్లు, ఫ్రిజ్ వెనక ట్రే (దాని సంగతి చాలామందికి మెకానిక్ వచ్చిన రోజునే తెలుస్తుంది). కోనసీమలో వీటికి కొబ్బరి తోడు. దింపు, ఒలుపు అయ్యాక తోటలో మిగిలే డొక్కలు, చిప్పలు, తాగి పడేసిన బొండాలు వానకు నిండుతాయి. వీటిని ఎక్కువగా వాడుకునేది ఈడిస్ అల్బోపిక్టస్ అనే రెండో జాతి. అది తోటల్లో, చెట్ల తొర్రల్లో ఉంటుంది. డెంగీ మోయడంలో ఈజిప్టై అంత సమర్థురాలు కాకపోయినా ఊరిని, తోటను కలిపేది అదే. కడియం వైపు నర్సరీల్లో కుండీల కింది పళ్లేలూ ఇలాంటివే. చేపల చెరువుల్లో నీళ్లకు భయపడనక్కర్లేదు, లార్వా కనబడితే చేపలే తినేస్తాయి. గట్టు మీద వదిలేసిన డ్రమ్ములు, కప్పిన టార్పాలిన్ మడతలు చూసుకోవాలి.

ఎండాకాలం నారుమడి

డెల్టాలో నీళ్లకు లోటేమిటి అని బయటివాళ్లు అడుగుతారు. చుట్టూ నీళ్లే, తాగేందుకు మాత్రం కరువు. సముద్రానికి దగ్గరి మండలాల్లో, సఖినేటిపల్లి, మలికిపురం, కాట్రేనికోన, నరసాపురం, మొగల్తూరు వైపు చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. తాగునీరు కాలువ నుంచి ఊరి మంచినీళ్ల చెరువుకు, అక్కడి నుంచి ట్యాంకుకు, కుళాయికి రావాలి. రబీ పంట చేతికొచ్చే వేళకు మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఆ లోపు నింపుకున్న చెరువే జూన్‌లో మళ్లీ కాలువ వదిలే దాకా ఆధారం. చెరువు తగ్గేకొద్దీ కుళాయి వచ్చే గంటలు తగ్గుతాయి, ఇంట్లో బిందెలు, డ్రమ్ములు పెరుగుతాయి.

దోమ వైపు నుంచి చూస్తే ఇది నారుమడి. బయట అంతా ఎండిపోయిన మే నెలలో కూడా ఇంట్లో నీడన ఉన్న డ్రమ్ములో దాని సంతతి నిలబడుతుంది. తొలకరి పడగానే పెరట్లో, డాబా మీద, తోటలో వందల చిన్న పాత్రలు నిండుతాయి. ఎప్పుడో గోడలకు అంటించిన గుడ్లూ పొదుగుతాయి. నారు తీసి చేనంతా ఊడ్చినట్టే. జూలై నుంచి నవంబరు వరకు కేసులు పెరగడానికి వానలే కారణమని అనుకోవడం సహజం. వాన ఊడ్పు మాత్రమే చేస్తుంది, నారు పోసేది అంతకు ముందరి నీటి ఎద్దడి.

ఈ మాటకు బయటి నుంచి కూడా ఆధారముంది. వియత్నాంలోని ఖాన్ హోవా ప్రాంతంలో డెంగీ కేసుల మీద 2011లో వెలువడిన అధ్యయనం జనసాంద్రతను, కుళాయి నీటి సదుపాయాన్ని కలిపి చూసింది. చదరపు కిలోమీటరుకు సుమారు 3,000 నుంచి 7,000 మంది ఉండి, కుళాయి నీరు సరిగా లేని చోట్లే వ్యాప్తి ఎక్కువగా ఉందని తేలింది. ఇది మహానగరం కాదు, ఊరూ పట్నమూ కలగలిసిన చోటు. రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఒక ఊరు ఎక్కడ ముగిసి ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో తెలియనంత దగ్గరగా ఇళ్లుండే దారిని తలచుకుంటే ఆ వర్ణన డెల్టాకు పరాయిగా అనిపించదు.

బంగ్లాదేశ్‌లో 2023లో జరిగిందీ ఇలాంటిదే. ఆ ఏడాది అక్కడ 3.21 లక్షల కేసులు, 1,705 మరణాలు నమోదయ్యాయి. అంతకు ముందు ఢాకా జబ్బుగా పేరున్న డెంగీ ఆ ఏడు రాజధాని బయటే ఎక్కువగా కనిపించింది. డెంగీని పట్నం జబ్బుగా చూసే రోజులు డెల్టా దేశాల్లో పోయాయి.

ఒక వీధి, మూడు వారాలు

ఫాగింగ్ ఎందుకు ఆలస్యమవుతుందో తేదీలు వేసుకుని చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఊహకు ఒక ఉదాహరణ. దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి ఊరికొచ్చాడు. ఒంట్లో వైరస్ ఉంది, జ్వరం ఇంకా రాలేదు. జ్వరానికి సుమారు రెండు రోజుల ముందు నుంచే అతని రక్తం దోమకు వైరస్‌ను అందించగలదు. మొదటి రోజు పెరట్లో దోమ కుట్టింది. ఆ దోమ వెంటనే ప్రమాదకరం కాదు. వైరస్ దాని పొట్టలో పెరిగి లాలాజల గ్రంథులకు చేరేందుకు 8 నుంచి 12 రోజులు పడుతుంది. పదో రోజున అది పక్కింటి ఇల్లాలిని కుట్టింది. ఈ దోమకు బెదురెక్కువ. కదిలితే లేచిపోయి ఇంకొకరిని వెతుక్కుంటుంది, ఒక్క పూట కడుపు నింపుకునేందుకు ఇంట్లో ముగ్గురినీ కుట్టవచ్చు. వాళ్లకు జ్వరం వచ్చేందుకు ఇంకో 4 నుంచి 10 రోజులు. పదహారో రోజు జ్వరం, రెండు రోజులు బిళ్లలతో సర్దుకోవడం, ఇరవయ్యో రోజు పరీక్ష, ఇరవై రెండో రోజు వీధిలోకి పొగ బండి.

అప్పటికి వైరస్ మూడో అంచెలో ఉంటుంది. పొగ బండి రోడ్డు మీద వెళ్తుంది, ఇళ్లవాళ్లు వాసన పడక తలుపులు వేసుకుంటారు. ఈ దోమ మాత్రం ఇంట్లోనే, మంచం కింద, కొక్కేనికి తగిలించిన చొక్కాల వెనక కూర్చుని ఉంటుంది. పొగ తగిలినా చచ్చేది ఎగిరే దోమే, డ్రమ్ములోని లార్వా కాదు. వారం తిరిగేసరికి కొత్త సంతతి రెక్కలతో బయటికొస్తుంది. కేసు బయటపడిన ఇంటి చుట్టూ ఇళ్ల లోపల మందు కొడితే కొంత ఫలితం ఉంటుంది. అధికారులు ఊరు తిరిగేటప్పుడు వీధంతా పొగ పెట్టడంలో జనాన్ని ఊరడించే ఉద్దేశమే ఎక్కువ.

ఒక మేలు ఏమిటంటే ఈ దోమ దూరం పోదు, పుట్టిన చోటికి వంద, రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. ఊరు దాటించేది మనిషే. బస్సులో, బైకు మీద, గల్ఫ్ నుంచి విమానంలో వైరస్ వస్తుంది. సంక్రాంతికి ఊళ్లు ఇంకా ఎక్కువగా నిండుతాయి, కానీ అప్పటికి చలి పడి దోమలు తగ్గి ఉంటాయి. దసరా రాకపోకలు సరిగ్గా దోమల కాలంలో పడతాయి.

ఒక ఏడు ముంచెత్తి, మరో ఏడు తగ్గి

డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం సోకి తగ్గితే దానిమీద జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి మీద కొన్ని నెలలే. కొన్నేళ్లు ఒకే రకం తిరిగితే దానికి లొంగే వాళ్లు తగ్గుతారు, కేసులు తగ్గుతాయి. అధికారులు తమ చర్యలు ఫలించాయంటారు. తర్వాత మరో రకం వస్తుంది, ఊరంతా దానికి కొత్తే. మళ్లీ ఆస్పత్రులు నిండుతాయి.

రెండోసారి వేరే రకం సోకినప్పుడు జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. మొదటిసారి తయారైన యాంటీబాడీలు కొత్త రకాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు. పైగా కణాల్లోకి దూరేందుకు దానికి దారి చూపుతాయి. దొంగను పట్టుకున్న కాపలాదారు వాణ్ణి తలుపు తీసి లోపలికి పంపినట్టు.

2017–18లో దేశవ్యాప్తంగా రక్తనమూనాలతో చేసిన సర్వేలో 5–45 ఏళ్ల వారిలో 48.7 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు డెంగీ సోకినట్టు ఆనవాళ్లు దొరికాయి. దక్షిణ రాష్ట్రాల్లో అది 76.9 శాతం. ‘మాకెప్పుడూ డెంగీ రాలేదు’ అనే వాళ్లలో చాలామందికి వచ్చి, తెలియకుండానే పోయిందన్నమాట. వాళ్లకు రాబోయేది రెండోది.

సింగపూర్ అనుభవం ఇంకో కోణం చూపిస్తుంది. 1960ల్లో అక్కడ దాదాపు సగం ఇళ్లలో ఈడిస్ లార్వా దొరికేది. గట్టి తనిఖీలు, జరిమానాలతో అది 1970ల నుంచి ఒకటి, రెండు శాతానికి దిగింది. అయినా 2013లో 22 వేలకు పైగా, 2020లో 35 వేలకు పైగా కేసులొచ్చాయి. దోమలు తగ్గాక పిల్లలు వైరస్ ఎరగకుండా పెరిగారు, రక్షణ లేని పెద్దలు ఎక్కువయ్యారు. కొద్దిపాటి దోమలే చాలిపోయాయి. నియంత్రణ దండగని దీనర్థం కాదు, మరణాలు అక్కడ చాలా తక్కువ. ఒకసారి తగ్గించాక చేయి తీయకూడదన్నది మాత్రం అర్థమవుతుంది. బ్రెజిల్ 1950ల్లో ఈ దోమను దాదాపు తుడిచిపెట్టి, తర్వాత వదిలేసింది. 2024లో అక్కడ కేసులు 60 లక్షలు దాటడంలో అలా వదిలేయడం పాత్ర కూడా ఉంది. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద నమోదైనవి 1.4 కోట్లకు పైనే.

లెక్కలు ఎందుకు కలవవు

పత్రికలో వందలంటారు, అధికారులు పదుల్లోనే చెబుతారు. సాధారణంగా ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ప్రైవేటు ల్యాబుల్లో ఎక్కువగా చేసేది వెంటనే ఫలితం చూపే కార్డు పరీక్ష. ప్రభుత్వ లెక్కలోకి ఎక్కాలంటే గుర్తించిన ల్యాబులో ఎలీసా అనే ఇంకా కచ్చితమైన రక్తపరీక్షలో రుజువు కావాలి. జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్), ఆ తర్వాత ఐజీఎం (దానిమీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) చూడాలి. తప్పు రోజున తప్పు పరీక్ష చేస్తే జబ్బున్నా ‘నెగెటివ్’ వస్తుంది. ‘విషజ్వరం’ అన్న మాట ఇంకా గందరగోళం. టైఫాయిడ్, చికున్‌గున్యా, మామూలు వైరల్ జ్వరం, వరద తర్వాతైతే ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్, అన్నీ అందులో ఇమిడిపోతాయి.

ఏళ్ల మధ్య పోలికకు ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకు ముందరి ‘తూర్పు గోదావరి’ లెక్కలో రంపచోడవరం ఏజెన్సీ కూడా ఉండేది, కోనసీమ కూడా ఉండేది. ఇప్పటి తూర్పు గోదావరి అంకెను దాని పక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనడం కుదరదు.

ప్లేట్‌లెట్ల టెన్షన్

రోగి బంధువులు రోజూ అడిగే మొదటి ప్రశ్న ‘కౌంట్ ఎంత?’ ప్లేట్‌లెట్లు పడిపోవడం నిజమే. కానీ డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం. అది జ్వరం తగ్గే వేళ, సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో, ఒకటి రెండు రోజులు ఉంటుంది. జ్వరం తగ్గిందని ఇంటికి తీసుకెళ్లే సమయమూ అదే. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన చేతులు కాళ్లు, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం కనిపిస్తే కౌంట్ ఎంతున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రక్తస్రావం లేనప్పుడు సంఖ్య చూసి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినందువల్ల మేలు కనిపించలేదని సింగపూర్, మలేషియాల్లో జరిగి 2017లో వెలువడిన పరీక్ష తేల్చింది. మన దగ్గర కూడా మామూలుగా 10 వేల కంటే తగ్గితేనో, రక్తం కారుతుంటేనో ఆలోచిస్తారు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తగవు, నొప్పికని చేసే సూదిమందుల్లో కూడా.

ముందు ముందు

టీకా మీద ఆశలున్నాయి, తొందర మాత్రం తగదని ఫిలిప్పీన్స్ నేర్పింది. అక్కడ 8 లక్షలకు పైగా పిల్లలకు డెంగ్‌వాక్సియా వేశాక, అంతకు ముందు డెంగీ సోకని వారిలో ఆ టీకా తర్వాత వచ్చే జబ్బు ముదరవచ్చని 2017లో బయటపడింది. మన దేశంలో నాలుగు రకాల మీదా పనిచేసేలా తయారైన టీకాకు మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో మొదలయ్యాయి, 10 వేల మందికి పైగా వాలంటీర్లతో. దోమ ఒంట్లో వైరస్ పెరగకుండా అడ్డుపడే వొల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమలను వదిలే పద్ధతి ఇండొనేషియాలోని యోగ్యకర్తాలో కేసులను 77 శాతం తగ్గించింది. పుదుచ్చేరిలోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కేంద్రం కూడా అలాంటి దోమలను పెంచింది. ఇవేవీ వచ్చే సీజన్‌కు కోనసీమకు చేరేవి కావు.

చేతిలో ఉన్నది పాత పనే, అందులో చిక్కు ఎక్కడుందో ఒక గడప దగ్గర చూస్తే తెలుస్తుంది. ఆశా కార్యకర్త టార్చి వేసి డ్రమ్ములోకి చూస్తుంది. లార్వా ఉంది, ఒంపేయమంటుంది. ఆ ఇంటావిడకు అవి రెండు రోజుల తాగునీళ్లు, కుళాయి మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. పారబోస్తానన్నట్టే తలూపి, కార్యకర్త వెళ్లాక మూత పెట్టేస్తుంది. లార్వాను చంపే ఎబేట్ మందు కలిపితే వాసనంటారు, లార్వాను తినే గంబూసియా చేప చెరువుకు పనికొస్తుంది గానీ ప్లాస్టిక్ డ్రమ్ముకు కాదు. నీళ్లు పారబోయమనే బదులు పాత పంచెతో మూతి బిగించి కట్టమంటే వినే అవకాశం ఎక్కువ. దోమ లోపలికి పోదు, లోపలున్నది బయటికి రాదు. కుళాయి వచ్చిన రోజున, కొత్త నీళ్లు పట్టబోయే ముందు, గోడ రుద్దమనవచ్చు. దానికి శుక్రవారమే కానక్కర్లేదు, ఆ వీధికి నీళ్లొచ్చే రోజు ఏదైతే అది.

ఇంకా ముందు జరగాల్సింది పంచాయతీ దగ్గరుంది. దోమల కార్యక్రమాలు సాధారణంగా వానలతో పాటు మొదలవుతాయి, నారు అప్పటికే ఎదిగి ఉంటుంది. కాలువలు ఏ తేదీన కట్టేస్తారో, ఏ తేదీన వదులుతారో ఇరిగేషన్ వాళ్లు ఏటా ముందే చెబుతారు. మంచినీళ్ల చెరువు నింపుకోవడానికి ఊరంతా ఆ తేదీనే చూస్తుంది. డ్రమ్ముల మూతలు, ఇంటింటి లార్వా తనిఖీ అదే తేదీ నుంచి మొదలుపెట్టేందుకు కొత్తగా జీవో ఏదీ అక్కర్లేదు.